1880కి, 1900కి మధ్య మాయమైన మనిషి: సిటీ డైరెక్టరీలతో నా అనుభవం

ముందు మీ ప్రశ్న నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూడండి. మీ అల్లుడి తాతగారి తాత 1880 అమెరికా జనాభా లెక్కల్లో సిన్సినాటిలో ఉన్నారు, 1900లో సెయింట్ లూయిస్‌లో తేలారు. మధ్యలో ఇరవై ఏళ్లు ఖాళీ. పాత సిటీ డైరెక్టరీలు, అంటే ఊళ్లోవాళ్ల పేర్లు, చిరునామాలు అచ్చేసిన పుస్తకాలు, చూడమని ఎవరో చెప్పారు, అవి పనికొస్తాయా అని అడిగారు.

పనికొస్తాయి. అసలు ఆ ఖాళీ మీ ఒక్కరికే వచ్చింది కాదు. లెక్కలు పదేళ్లకోసారి తీస్తారు, మధ్యలో ఉండాల్సిన 1890 లెక్కల కాగితాలు 1921 జనవరిలో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కొన్ని కాలిపోయాయి, కొన్ని నీళ్లకు నానిపోయాయి. మిగిలినవాటిని కూడా తర్వాత తీసిపారేశారు. ఇప్పుడు దేశం మొత్తానికి 6,000 పైచిలుకు పేర్లే మిగిలాయి. అందుకే ఆ ఇరవై ఏళ్లకీ అందరూ డైరెక్టరీల మీదే పడతారు.

నేను ఇందులో పడింది మనవడి స్కూలు ప్రాజెక్టు పుణ్యమా అని. ఫ్యామిలీ ట్రీ గీసుకు రమ్మన్నారు. మా వైపు పేర్లు నేను కూర్చున్నచోటే చెప్పేశాను. కోడలి వైపు మాత్రం చికాగోలో ఒక జర్మన్ వడ్రంగి దగ్గర ఆగిపోయింది. 1880లో ఆయన, భార్య, ఏడాది పిల్లాడు ఉన్నారు. 1900లో ఆవిడ, పిల్లలు ఉన్నారు, ఆయన లేడు. ఆవిడ పేరు పక్కన 'విధవ' అని ఉంది.

డైరెక్టరీ అంటే ఫోన్ బుక్ లాంటిదే, ఇంటింటికీ ఫోన్లు రాకముందుది. కంపెనీ మనుషులు ఇంటింటికీ తిరిగి పేరు, పని, చిరునామా రాసుకుని, చాలా ఊళ్లలో ఏటా అచ్చు వేసి అమ్మేవారు. తలుపు తీసింది ఎవరైతే వాళ్లు చెప్పిందే రాసుకున్నారు, అదీ చెవికి వినబడినట్టు. ఇక్కడి ఆఫీసుల్లో మన ఇంటిపేర్లు ఎన్ని అవతారాలు ఎత్తుతాయో మనకి తెలుసు కదా, పాపం ఆ జర్మన్ల పరిస్థితీ అంతే. మా వడ్రంగి ఇంటిపేరు మూడు స్పెల్లింగుల్లో దొరికింది. కాబట్టి సెర్చ్ బాక్సును నమ్ముకోకండి. ఆ సన్న అచ్చును కంప్యూటరు కూడా తప్పుగా చదువుతుంది. పేజీలు తిప్పుతూ కళ్లతోనే వెతకండి.

ఒక్క ఏడాది పుస్తకం తెరిచి, పేరు కనబడింది కదా అని మూసేస్తే మాత్రం పెద్దగా ఏమీ రాదు. నేను ఒక నోటుబుక్కులో ఏడాదికో వరస గీసుకుని 1880 నుంచి రాసుకుంటూ వచ్చాను. కథ అంతా ఆ వరసల్లోనే బయటపడింది. 1893 వరకు 'కార్పెంటర్'. అది చికాగోలో వరల్డ్ ఫెయిర్ జరిగిన ఏడు, వడ్రంగులకు చేతినిండా పని. ఫెయిర్ అయిపోయింది, అదే ఏడు మొదలైన మాంద్యం ముదిరింది. 1894లో ఆయన పేరు పక్కన 'లేబరర్' అని ఉంది, ఇల్లు కూడా మారింది. 1895లో పేరే లేదు. 1896లో భార్య పేరు, పక్కన 'విడ్' అనే పొట్టి మాట, బ్రాకెట్లో ఆయన పేరు. అంటే ఫలానా ఆయన విధవ అని.

ఇంకేముంది, 1895లో పోయాడని ట్రీలో రాసేశాను. తర్వాత మరణ రికార్డు కోసం రెండు నెలలు వెతికాను. లేదు. చర్చి రికార్డుల్లో లేదు, ఖననం అయినట్టూ ఎక్కడా లేదు. విసుగొచ్చి, ఊరికే చూద్దామని పక్క ఊరు మిల్వాకీ డైరెక్టరీ తెరిచాను. 1897లో అదే పేరు, 'కార్పెంటర్'. పేరు కాకతాళీయం కావచ్చు అనుకుని 1900 లెక్కల్లో ఆ మిల్వాకీ మనిషిని పట్టుకున్నాను. ఒక గదిలో అద్దెకున్నాడు. ఆ ఏడు లెక్కల్లో పెళ్లయి ఎన్నేళ్లయిందని కూడా అడిగారు. 'వివాహితుడు, 22 ఏళ్లు' అని చెప్పాడు. చికాగోలో మాకు దొరికిన పెళ్లి రికార్డు 1878ది. వయసు, పుట్టిన దేశం కూడా కలిశాయి. ఆయన బతికే ఉన్నాడు, వదిలేసి వెళ్లిపోయాడంతే. వదిలేశాడని ఇంటింటికీ తిరిగేవాడికి చెప్పుకోవడం కంటే పోయాడని చెప్పడమే ఆవిడకి తేలికై ఉంటుంది. తర్వాత తెలిసింది, ఆ రోజుల్లో ఇలా చెప్పుకున్నవాళ్లు చాలామందే ఉన్నారని. కాబట్టి 'విడ్' కనబడగానే మరణ సంవత్సరం రాసెయ్యకండి.

ఇంకో పప్పులో కాలు కూడా వేశాను. 1910లో ఆవిడ ఇంటి నంబరు మారింది. పిల్లలు సంపాదనలో పడి మంచి ఇంటికి మారారు కాబోలని సంబరపడ్డాను. తీరా చూస్తే 1909లో చికాగోలో దాదాపు ఊరంతటికీ నంబర్లు కొత్తగా వేశారు. ఆవిడ ఎక్కడికీ కదల్లేదు. పాత నంబరుకు కొత్తదేదో చూపే పుస్తకం అప్పుడే అచ్చయింది, నేనే ముందు చూసుకోలేదు. మీ ఊళ్లలోనూ నంబర్లు ఎప్పుడు మారాయో ముందే కనుక్కోండి.

చిన్న విషయాలు కొన్ని. చాలా పుస్తకాల్లో ఇంటి పెద్దకి ఒక అక్షరం, అదే ఇంట్లో ఉండేవాళ్లకి ఇంకో అక్షరం వేస్తారు. అర్థాలు పుస్తకం మొదట్లో ఉంటాయి. రెండో అక్షరం ఆ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నవాడికే కాదు, తల్లిదండ్రులతో ఉండి సంపాదిస్తున్న కొడుక్కీ వేస్తారు. కాబట్టి ఒకే చిరునామాలో అదే ఇంటిపేరుతో ఇంకెవరున్నారో తప్పకుండా చూడండి. భార్యల పేర్లు చాలా ఊళ్లలో ఆలస్యంగా మొదలయ్యాయి, అందుకని లేకపోతే కంగారు పడొద్దు. పుస్తకం మీద ఉన్న ఏడాదికీ వివరాలు రాసుకున్న సమయానికీ కొన్ని నెలల తేడా ఉంటుంది.

మీ విషయంలో నేనైతే రెండు వైపుల నుంచీ వస్తాను. సిన్సినాటికి విలియమ్స్ డైరెక్టరీ ఉంది, 1880 నుంచి ముందుకు రండి. సెయింట్ లూయిస్‌కి గౌల్డ్ డైరెక్టరీ, 1900 నుంచి వెనక్కి వెళ్లండి. 1880 లెక్కల కాగితంలో వీధి, ఇంటి నంబరు ఎడమ పక్కనే ఉంటాయి. 1900 దాంట్లో వీధి పేరు అంచున నిలువుగా రాసి ఉంటుంది. డైరెక్టరీలో అదే పేరుతో నలుగురు కనబడితే ఆ చిరునామాతోనే మీ మనిషిని తేల్చుకోగలరు. ఇంటర్నెట్ ఆర్కైవ్, ఫ్యామిలీసెర్చ్ అనే సైట్లలో ఉచితంగా వెతికి, దొరకని ఏళ్లకే డబ్బు కట్టే సైట్లకి వెళ్లండి. రెండు ఊళ్ల మధ్య ఒకటి రెండేళ్లు ఎక్కడా పేరు లేకపోతే ఆ ఏళ్లు, ఆయన చేసే పని ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం.