టర్బో ఎక్కించిన ఇంజన్‌కి ఏ కాయిల్?

ప్రశ్న: పాత హోండా సిటీ 1.5 వీటెక్‌కి చిన్న టర్బో, కంపెనీ ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) బదులు విడిగా దొరికే స్టాండలోన్ ఈసీయూ పెట్టించాను. బూస్ట్ (టర్బో అదనంగా తోసే గాలి ఒత్తిడి) 0.7 బార్. ఫుల్ థ్రాటిల్‌లో 5,000 ఆర్పీఎం దాటితే మిస్సింగ్ కొడుతోంది, వైడ్‌బ్యాండ్ మీటర్ లీన్ (గాలికి తగ్గ పెట్రోలు లేదని) చూపిస్తోంది. డిస్ట్రిబ్యూటర్ (ఒకే కాయిల్ స్పార్క్‌ని నాలుగు ప్లగ్గులకీ పంచేది) కంపెనీదే. మెకానిక్ 60,000 వోల్టుల ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గులకి స్పార్క్ పుట్టించేది) వేయమంటున్నాడు. ఏది కొనమంటారు?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: కొనడం తర్వాత, ముందు ప్లగ్గులు విప్పి గ్యాప్ కొలవండి. మీ ఇంజన్‌కి కంపెనీ ఇచ్చే ప్లగ్ పేరు చివర 11 అని ఉంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లని అర్థం. టర్బో లేని ఇంజన్‌కి అది సరైనదే. సిలిండర్‌లో గాలి ఎంత దట్టంగా ఉంటే ఆ గ్యాప్ దూకడానికి స్పార్క్‌కి అంత ఎక్కువ వోల్టేజ్ కావాలి. 0.7 బార్ బూస్ట్ అంటే గాలి సుమారు 1.7 రెట్లు. 1.1ని 1.7తో గుణిస్తే 1.87. అదే గ్యాప్ 0.7కి తగ్గిస్తే 1.19, అంటే టర్బో లేనప్పుడు కాయిల్ మీద ఉన్న భారానికి దగ్గరగా వచ్చేశాం. నాలుగు ప్లగ్గులూ 0.7కి సర్ది ఒక రౌండ్ నడిపి చూడండి. సగం బళ్లలో రోగం అక్కడే కుదురుతుంది.

మీటర్ లీన్ చూపిస్తోంది కదా అని పెట్రోలు పెంచకండి. వైడ్‌బ్యాండ్ కొలిచేది ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్‌ని. మిస్‌ఫైర్ అయిన సిలిండర్‌లో గాలి కాలకుండా బయటికొస్తుంది, అందులో ఆక్సిజన్ అంతా మిగిలే ఉంటుంది, దాంతో మీటర్ లీన్ అంటుంది. ట్యూనర్ ఇంధనం పెంచుతాడు, ప్లగ్గులు తడిసి మిస్సింగ్ ఇంకా ముదురుతుంది. ఈసీయూ రికార్డు చేసిన లాగ్‌లో లీన్ రీడింగ్ నిలకడగా ఉందా, ఎగిరెగిరి పడుతోందా చూడండి. ఎగిరి పడుతుంటే అనుమానం ముందు స్పార్క్ మీద పెట్టుకోవాలి.

ఇక 60,000 వోల్టుల సంగతి. ఆ అంకె డబ్బా మీద అమ్మకం కోసం. ప్లగ్ ఎంత వోల్టేజ్ దగ్గర దూకుతుందో కాయిల్ అంతవరకే ఎక్కి అక్కడితో ఆగుతుంది. మీరు అడగాల్సింది ఒక్కో స్పార్క్‌కి ఎన్ని మిల్లీజౌళ్ల శక్తి, దాన్ని నింపడానికి ఎంత సమయం అని. ఆ నింపే సమయమే డ్వెల్.

మీ బండిలో ఇరుకు సమయం దగ్గరే. 7,000 ఆర్పీఎం దగ్గర రెండు చుట్ల సైకిల్‌కి పట్టేది 17.1 మిల్లీసెకన్లు. డిస్ట్రిబ్యూటర్‌లో ఒకే కాయిల్ అందులో నాలుగు సార్లు కొట్టాలి, అంటే స్పార్క్‌కీ స్పార్క్‌కీ మధ్య 4.3 మిల్లీసెకన్లు. అందులో ఒక మిల్లీసెకను పైనే స్పార్క్ కాలడానికి పోతే, నింపుకోవడానికి మూడు మిగలడం కష్టం. సరిగ్గా బూస్ట్ ఎక్కువ శక్తి అడిగే చోటే కాయిల్ సగం నిండి కొడుతుంది. వేస్టెడ్ స్పార్క్‌లో (ఒక్కో కాయిల్ రెండు ప్లగ్గులకి ఒకేసారి కొట్టే పద్ధతి) ఇదే లెక్క 8.6 మిల్లీసెకన్లు. ప్లగ్గుకొక కాయిల్ పెట్టి సీక్వెన్షియల్‌గా (ఏ సిలిండర్ వంతుకి ఆ కాయిలే) కొడితే మొత్తం 17.1 ఒక్కో కాయిల్‌దే. డ్వెల్ 3.5 పెట్టినా అది 20 శాతమే, కాయిల్ చల్లగా ఉంటుంది.

అందుకే మీకు నా సలహా నాలుగు విడి కాయిళ్లు, అదీ ఇగ్నైటర్ (కాయిల్ కరెంటుని కలిపి తెంపే స్విచ్) లోపలే ఉన్న రకం. ఈసీయూ నుంచి 5 వోల్టుల సిగ్నల్ ఇస్తే చాలు. ఇగ్నైటర్ లేని రెండు పిన్నుల కాయిల్‌ని నేరుగా ఈసీయూ లాజిక్ ఔట్‌పుట్‌కి కలిపితే ఈసీయూలో డ్రైవర్ కాలిపోతుంది. స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరికేవాటిలో హోండా సివిక్ 1.8, సీఆర్‌వీ 2.4 కాయిళ్లకి మూడు పిన్నులు: 12 వోల్టులు, ఎర్త్, సిగ్నల్. టొయోటా కరోలా కాయిల్‌కి నాలుగోది కూడా ఉంటుంది, అది కంపెనీ ఈసీయూకి స్పార్క్ కొట్టిందని చెప్పే తీగ, స్టాండలోన్‌లో సాధారణంగా వదిలేస్తారు. ఆక్టావియా 1.8 టీఎస్‌ఐ కాయిళ్లు కూడా మంచివే, వాటికి రెండు ఎర్త్‌లు. ఒకటి హెడ్‌కే బిగించాలి. 0.7 బార్‌కి వీటిలో ఏదైనా సరిపోతుంది, విదేశాల నుంచి రేసింగ్ కాయిళ్లు తెప్పించడం దండగ. కొనేది మాత్రం కంపెనీ పార్ట్స్ కౌంటర్‌లోనే కొనండి, నకిలీలు విపరీతం.

పొడవు చూసుకోండి. వాల్వ్ కవర్ పైనుంచి ప్లగ్ కొన దాకా లోతు కొలిచి కాయిల్‌తో పోల్చండి. పొడవెక్కువైతే కింద అల్యూమినియం స్పేసర్ ప్లేటు వేయించవచ్చు. పొట్టిదైతే స్ప్రింగ్ ప్లగ్గుని అందుకోదు, స్పార్క్ రబ్బరు బూట్ లోపలే పాకి నల్లటి గీత పడుతుంది. ఒకసారి ఆ గీత పడితే బూట్ పారేయాల్సిందే.

డిస్ట్రిబ్యూటర్‌ని పీకి పారేయకండి! క్రాంక్, టీడీసీ (పిస్టన్ పైకొసకి చేరే చోటు), సిలిండర్ సెన్సర్లు దాని కడుపులోనే ఉంటాయి. లోపలి కాయిల్, రోటర్, ఇగ్నైటర్ తీసేసి సెన్సర్ల కోసం ఒళ్లు ఉంచండి. క్రాంక్ పుల్లీ దగ్గర 36-1 ట్రిగ్గర్ వీల్ (36 పళ్ల చోట ఒక పన్ను లేని చక్రం) పెట్టిస్తే టైమింగ్ ఇంకా నిలకడగా ఉంటుంది. అప్పుడు కూడా సీక్వెన్షియల్‌కి క్యామ్ సిగ్నల్ కావాలి కాబట్టి ఆ ఒళ్లు పనికొస్తుంది.

వైరింగ్‌లో 12 వోల్టులు రిలే ద్వారా, 15 ఆంపియర్ల ఫ్యూజ్‌తో, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగతో తీసుకోండి. కాయిళ్ల ఎర్త్ సిలిండర్ హెడ్‌కి, సెన్సర్ల ఎర్త్ ఈసీయూకి. రెండూ కలిపితే స్పార్క్ కొట్టినప్పుడల్లా క్రాంక్ సిగ్నల్‌లోకి నాయిస్ దూరుతుంది.

డ్వెల్ ఒకే అంకె పెట్టి వదిలేయకూడదు. ఉదాహరణకి 3 మిల్లీహెన్రీల ఇండక్టెన్స్, మొత్తం 0.6 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉన్న కాయిల్ 8 ఆంపియర్లకి చేరాలంటే 14 వోల్టుల దగ్గర 2.1 మిల్లీసెకన్లు, 11 దగ్గర 2.9, 9 దగ్గర 3.8 కావాలి. స్టార్టర్ తిరిగేటప్పుడు బ్యాటరీ పడిపోతుంది కాబట్టి వోల్టేజ్ వారీగా టేబుల్ నింపాలి. ఆ కాయిల్‌లో అప్పుడు నిలిచే శక్తి 96 మిల్లీజౌళ్లు. అంతకు మించి డ్వెల్ పెంచితే వేడే వస్తుంది.

ప్రశ్న: టర్బో పెట్టిన మాజ్డా మియాటా కారుకి స్క్రాప్‌యార్డ్‌లో దొరికిన షెవర్లే సిల్వరాడో పికప్ డీ585 కాయిళ్లు నాలుగు పెట్టాను, ఈసీయూ మెగాస్క్వర్ట్. ఇంజన్ మొరాయిస్తూ నడుస్తోంది, కాయిళ్లు చెయ్యి పెట్టలేనంత వేడి. టైమింగ్ లైట్ కింద మార్కు ఒకచోట నిలవడం లేదు.
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: కాయిళ్లు బాగానే ఉండి ఉంటాయి. ట్రిగ్గర్ పోలారిటీ తిరగబడినట్టుంది. ఆ కాయిల్ సిగ్నల్ పైన ఉన్నంతసేపూ నిండుతుంది, కింద పడగానే కొడుతుంది. సెట్టింగ్ తలకిందులైతే పనిలేని సమయమంతా నిండుతూ కూర్చుంటుంది. పైగా మోతాదు మించి నింపితే ఈ రకం కాయిల్ తనంతట తానే స్పార్క్ వదిలేస్తుంది, పిస్టన్ ఎక్కడున్నా దానికి పట్టదు. బూస్ట్‌లో అలా జరిగితే పిస్టన్ పగులుతుంది, కాబట్టి సరిచేసేదాకా బండి బయటికి తీయకండి.

పరీక్ష సులువు. కాయిల్ కనెక్టర్లు ఊడదీసి, ఇంజన్ ఆపి ఉంచి, కీ ఆన్ చేసి, నాలుగు పిన్నుల్లో సీ మీద వోల్టేజ్ కొలవండి. సున్నాకి దగ్గరగా ఉండాలి. 5 వస్తే మెగాస్క్వర్ట్‌లో స్పార్క్ ఔట్‌పుట్ సెట్టింగ్ మార్చి మళ్లీ కొలిచి, సున్నా వచ్చాకే కనెక్టర్లు పెట్టండి. మిగతా మూడింట్లో ఏ పవర్ ఎర్త్, బీ ఈసీయూ ఎర్త్, డీ 12 వోల్టులు. డ్వెల్ 14 వోల్టుల దగ్గర 3 మిల్లీసెకన్లతో మొదలుపెట్టండి. ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు కూడా కాయిళ్ల ఫ్యూజ్ తీసే ఉంచాలి.

ప్రశ్న: పెద్ద కాయిళ్లు వేశాక ప్లగ్ గ్యాప్ మళ్లీ 1.1కి పెంచవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వద్దు. 0.7 దగ్గరే ఉంచండి, ఐడిల్‌లో వణుకు వస్తే 0.05 చొప్పున పెంచి చూడండి. ప్లగ్ మాత్రం ఒక మెట్టు చల్లటిది (వేడిని త్వరగా వదిలేది) వేయండి. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ చల్లన, బాష్‌లో తగ్గేకొద్దీ చల్లన, షాపులో ఇక్కడే పొరపాటు పడతారు. సివిక్, సిటీ పాత ఇంజన్లకి ఎన్‌జీకే బీకేఆర్7ఈ సరిపోతుంది. పేరులో ఆర్ అక్షరం లేని ప్లగ్ తీసుకోకండి, రెసిస్టర్ లేకపోతే ఈసీయూకి నాయిస్ తప్పదు. ఇరిడియం ప్లగ్‌కి గ్యాప్ సర్దేటప్పుడు పైనున్న కొక్కెమే వంచాలి, మధ్య సూదిని తాకితే విరుగుతుంది.