సుత్తి తగిలిన తర్వాత

అమ్ములూ,

ఆశీస్సులు. నీ మెసేజ్ మొన్న రాత్రే చూశాను. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదని కూర్చుని రాస్తున్నాను. "మావయ్యా, పియానో టీచరు రికార్డింగులు వినమన్నారు. గంటసేపు విన్నాను. టకటకా కొడుతున్నట్టే ఉంది తప్ప పాటలా లేదు. పదేళ్ళు గాత్రం నేర్చుకున్న చెవికి ఇది ఎక్కుతుందా?" అని అడిగావు. ఎక్కుతుంది. గాత్రం నేర్చుకున్నావు కాబట్టే ఇంకా బాగా ఎక్కుతుంది. కాకపోతే ఎక్కడ చెవి పెట్టాలో ఎవరో ఒకరు చెప్పాలి. నాకు ఎవరూ చెప్పక చాలా ఏళ్ళు వేళ్ళ వేగాన్నే సంగీతం అనుకున్నాను. ఎవరు గబగబా వాయిస్తే వాళ్ళ క్యాసెట్టే కొనేవాణ్ణి. ఆ ఏళ్ళు నీకు పోకూడదు.

మీ అమ్మమ్మ వీణ నీకు గుర్తుందిగా. కుడిచేత్తో ఒక్కసారి మీటి, ఆ నాదం సన్నగిల్లేలోపు ఎడమచేతి వేళ్ళతో తీగని మెట్టు మీదే పక్కకి లాగి రెండు మూడు స్వరాలు పలికించేది. మీటు ఒకటే, పాట సాగుతూనే ఉండేది. పియానోకి ఆ వీలు లేదు. మీట నొక్కగానే లోపల మెత్తటి ఫెల్టు చుట్టిన సుత్తి తీగని కొట్టి వెంటనే వెనక్కి పడిపోతుంది. ఆ తర్వాత వేలితో ఎంత ఒత్తినా, ఎంత వణికించినా ఆ స్వరం పెరగదు, వంగదు. తగ్గిపోవడం ఒక్కటే దానికి తెలుసు. గమకం లేదు, కార్వై పట్టి, అంటే స్వరాన్ని నిలబెట్టి, పెంచడం లేదు. ఇలాంటి వాయిద్యం పాడినట్టు వినిపించడం ఎలాగన్నదే, దాదాపు మూడు వందల ఏళ్ళుగా దాన్ని వాయించినవాళ్ళందరికీ ఎదురైన ప్రశ్న. రికార్డింగుల్లో నువ్వు వినాల్సింది ఒక్కొక్కరు దానికి చెప్పుకున్న జవాబు.

ముందు ఒక చిన్న పని చెయ్యి. నీ డిజిటల్ పియానోకి హెడ్‌ఫోన్స్ పెట్టుకో. మధ్యలో ఉన్న ఏదో ఒక మీట నొక్కి, వదలకుండా అలాగే పట్టుకో. కళ్ళు మూసుకుని ఆ స్వరం ఎప్పుడు పూర్తిగా పోయిందో చూడు. తర్వాత బాగా కింద ఉన్న మంద్రస్వరం ఒకటి, ఆ తర్వాత బాగా పైన ఉన్నది ఒకటి. కిందది చాలాసేపు మోగుతుంది, పైది చటుక్కున ఆరిపోతుంది. ఇప్పుడు రెండు స్వరాలు వరసగా వాయించు. మొదటిది సగం సన్నగిల్లాక రెండోదాన్ని అంతే గట్టిగా నొక్కితే కొత్తగా తలుపు కొట్టినట్టుంటుంది. మొదటిదాని మిగులు ఎంత ఉందో విని, రెండోదాన్ని ఆ మిగులుకి సరిపడా మెత్తగా నొక్కు. రెండూ అతుక్కుంటాయి. ఒకే గొంతులో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్ళినట్టుంటుంది. పియానో పాడటంలో సగం రహస్యం ఇదే. గొప్పవాళ్ళు సుత్తి తగిలిన క్షణం కంటే తగిలిన తర్వాత మిగిలినదాన్ని ఎక్కువగా వింటారు. నువ్వూ ఇకనుంచి స్వరం మొదలుని కాదు, దాని చివరని విను.

ఇక రికార్డింగులు. ఒక నెలపాటు ఒక్క రచనే విను. షూబర్ట్ అనే స్వరకర్త 1827లో రాసిన నాలుగు ఇంప్రాంప్ట్యూల్లో, అంటే చిన్న పియానో రచనల్లో మూడోది, జి ఫ్లాట్ మేజర్ అనే శ్రుతిలో ఉన్నది. వెతికేటప్పుడు దాని జాబితా నంబరు డి 899 అని కొట్టు, తేలిగ్గా దొరుకుతుంది. షూబర్ట్ తన ముప్ఫై ఒక్క ఏళ్ళ జీవితంలో ఆరు వందలకు పైగా పాటలు రాశాడు, అందుకే మాటలు లేకుండా రాసినా ఆయన చెయ్యి పాట వైపే పోతుంది. దీని మొదట్లో రాగం కదలనే కదలదు, ఒకే స్వరం మళ్ళీ మళ్ళీ వస్తుంది. మన లెక్కలో శంకరాభరణంలో అంతర గాంధారం. గమకం లేని గాంధారం ఇంత నిండుగా ఎలా ఉందని నీకు ఆశ్చర్యం వేస్తుంది. దాని కింద చిన్న చిన్న స్వరాలు నీళ్ళ మీద అలల్లా ఆగకుండా పోతుంటాయి. ఆ అలలనీ పైనున్న పాటనీ రెండింటినీ కుడిచెయ్యే వాయిస్తుంది. పాట అంతా చిటికెనవేలు, ఉంగరంవేలు మీద, అంటే చేతిలో బలం తక్కువ ఉన్న వేళ్ళ మీద నడుస్తుంది. అవి పైకి వినబడాలి, బలమైన వేళ్ళు అణిగి ఉండాలి. ఇది ఎంత కష్టమో మీ టీచరుని అడుగు.

దీన్ని షూబర్ట్ బతికుండగా అచ్చు వేయనే లేదు. ఆయన పోయిన ఇరవై తొమ్మిదేళ్ళకి, 1857లో అచ్చయింది. అప్పుడు కూడా జి ఫ్లాట్ కష్టమని ప్రచురణకర్త దాన్ని జి మేజర్‌లోకి మార్చేశాడు. నల్ల మీటల మీద చేతివేళ్ళు చాచి వాయించే ఆ మెత్తదనం అందులో పోయింది. నాకు ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

పియానిస్టు రాడూ లూపూ వాయించింది మొదట విను. రొమేనియా ఆయన, 2022లో పోయారు. కచేరీల్లో పియానో బల్ల మీద కాకుండా వీపు ఆనే మామూలు కుర్చీలో కూర్చుని వాయించేవారు. ఆయన దగ్గర ఆ పై స్వరం ఎక్కడ మొదలైందో కూడా సరిగ్గా తెలియదు, ఉన్నట్టుండి ఉంటుంది. వారం తర్వాత ఆల్‌ఫ్రెడ్ బ్రెండెల్‌ది విను. మొత్తం కాదు, మొదటి నిమిషం మాత్రమే, ఒకదాని తర్వాత ఒకటి. ఎవరు బాగా వాయించారని చూడకు. అలలు ఎవరి దగ్గర ఎంత పైకి వినబడుతున్నాయి, ఎడమచేతి మంద్రస్వరాలు ఎప్పుడు ముందుకొస్తున్నాయి, ఇంతే చూడు. మధ్యలో పాట మైనర్‌లోకి, అంటే దిగులు ధ్వనించే స్వరాల్లోకి దిగి, ఎడమచెయ్యి లోతుల్లోంచి గురగురలాడుతుంది. అక్కడి నుంచి మళ్ళీ మొదటి పాటకి తిరిగి వచ్చే చోట ఇద్దరూ ఎంత ఆగారో గమనించు.

ఇప్పుడు అసలు పని. పాడుతూ విను. నాలుగైదుసార్లు విన్నాక పై రాగాన్ని అకారంతో పాడు, నీ శ్రుతిలోకి మార్చుకున్నా ఫరవాలేదు. ఎక్కడ ఊపిరి చాలడం లేదో చూసుకో. పియానోకి ఊపిరి అక్కర్లేదు, ఎంతసేపైనా వాయించుకుంటూ పోవచ్చు. కానీ మంచివాళ్ళు నువ్వు ఊపిరి తీసుకునే చోటే పిసరంత ఎడం ఇస్తారు. ఆ ఎడం కనిపెట్టిన రోజు నీకు టకటక వినబడదు. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. పియానో రచనలకి పేరుపడ్డ షొపాన్ తన శిష్యులకి గొప్ప గాయకులని వినమనీ, వీలైతే పాట నేర్చుకోమనీ చెప్పేవాడు. అంతకు ముందే 1723లో బాఖ్ విద్యార్థుల కోసం రాసిన ఇన్వెన్షన్లు అనే చిన్న రచనల ముందు పేజీలో, అన్నిటికంటే ముఖ్యంగా పాడినట్టు వాయించడం అలవడాలని రాసుకున్నాడు. అప్పటికి ఆయన ఇంట్లో ఉన్నవి సుత్తి పియానోలు కూడా కావు. తీగని గిల్లే హార్ప్‌సికార్డ్, చిన్న క్లావికార్డ్ లాంటివి. వాటి మీదే పాట అడిగాడు.

రెండో నెల షొపాన్ దగ్గరికి రా. ఓపస్ (రచనల సంఖ్య) 9లో రెండో నాక్టర్న్, అంటే రాత్రి వాతావరణాన్ని పలికించే చిన్న రచన. 1832లో అచ్చయింది. దీన్ని నువ్వు ఎక్కడో వినే ఉంటావు, అయినా కొత్తగా విను. ఎడమచెయ్యి తాళం వేసినట్టు ఒక మంద్రస్వరం, ఆ తర్వాత రెండుసార్లు కలిపి నొక్కిన స్వరాల గుంపు, మళ్ళీ మంద్రస్వరం అని నడుస్తూనే ఉంటుంది. కుడిచెయ్యి దాని మీద స్వేచ్ఛగా ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఎడమచేతిని కచేరీ నడిపించే పెద్ద అనుకోమని షొపాన్ చెప్పేవాడట. నీకు తాళం వేస్తూ పాడిన అలవాటు ఉంది కాబట్టి దీన్ని వివరించక్కర్లేదు.

ఈ నాక్టర్న్‌లో పల్లవి లాంటి ఆ మొదటి పాట మళ్ళీ మళ్ళీ వస్తుంది, వచ్చినప్పుడల్లా ఒక కొత్త అల్లికతో. మొదటిసారి సాదాగా, తర్వాత చిన్న మలుపు, ఆ తర్వాత పైకి ఎక్కి జారడం. ఇవి సంగతులే అమ్ములూ! వరసగా పేర్చిన సంగతులు. షొపాన్ తన శిష్యుల పుస్తకాల్లో ఇంకొన్ని అల్లికలు చేత్తో రాసి ఇచ్చాడు కూడా. పల్లవిలో సంగతులని పెంచి చూపించిన మన త్యాగరాజస్వామి 1847లో పోయారు, షొపాన్ 1849లో పోయాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఒకే కాలంలో, ఒకాయన కావేరి ఒడ్డున, ఇంకొకాయన పారిస్‌లో. వింటున్నప్పుడు నాకు ఇది గుర్తొస్తుంటుంది.

దీనికి రెండు రికార్డింగులు పెట్టుకో. ఆర్థర్ రూబిన్‌స్టీన్ 1960లలో చేసింది ఒకటి, రఖ్మానినోవ్ 1927లో చేసింది ఇంకొకటి. రూబిన్‌స్టీన్ కల్మషం లేని గొంతుతో మామూలుగా పాడతాడు. రఖ్మానినోవ్ ఒక స్వరం దగ్గర నిలబడి, నువ్వు ఇక రాదేమో అనుకున్నాక కదులుతాడు. ఆ పాతదానిలో శబ్దం సన్నగా, గరగరలాడుతూ ఉంటుంది. మొదటి రెండు నిమిషాలు చిరాకు వేస్తుంది, ఆగిపోకు. చెవి అలవాటు పడగానే ఆ గరగర వెనక్కి పోయి మనిషి ముందుకొస్తాడు.

చివరగా పియానిస్టు దీనూ లిపాటి. లూపూకి పాఠం చెప్పిన ఫ్లోరికా ముజిచెస్కూయే అంతకు ముందు లిపాటికీ గురువు. లిపాటి రక్త సంబంధమైన క్యాన్సర్‌తో ఉండి, మందు పనిచేసి కాస్త తేరుకున్న 1950 జూలైలో జెనీవాలో షొపాన్ వాల్ట్జులు (నాట్యపు లయలో సాగే రచనలు), బాఖ్ రచనలు రికార్డు చేశాడు. సెప్టెంబర్ 16న ఫ్రాన్స్‌లోని బెజాంసోఁలో చివరి కచేరీ. పద్నాలుగు వాల్ట్జుల్లో పదమూడు వాయించి, చివరిదానికి ఓపిక చాలక, బాఖ్ కోరల్ (చర్చి కీర్తన) ఒకటి వాయించి లేచాడు. డిసెంబర్‌లో పోయాడు, ముప్ఫై మూడేళ్ళకి. ఆ కోరల్‌ని స్టూడియోలో వాయించిన రికార్డింగు ఉంది, మైరా హెస్ అనే పియానిస్టు పియానోకి మార్చిన రూపం. మూడున్నర నిమిషాలే. పైన మూడేసి స్వరాలుగా అల్లిక నడుస్తుంటే, నిదానమైన భజన లాంటి ఒక రాగం మధ్యలోంచి వస్తుంది. దాని మీదే చెవి పెట్టు. ఎక్కడా గట్టిగా కొట్టడు, అయినా ఒక్క స్వరం కూడా పోదు. ఆయన కథ తెలిసిందని జాలితో వినకు, ఆ మధ్య గొంతు విను చాలు.

మిగతావి చిన్న విషయాలు. ఫోన్ స్పీకర్లో వినకు. అందులో మంద్రస్వరాలు పోతాయి, పాటకి ఆధారమే పోతుంది. వంట చేస్తూ, కారు నడుపుతూ వినకు, మెత్తని చోట్లు ఏవీ వినబడవు, సౌండ్ పెంచితే గట్టి చోట్లు చెవిలో పొడుస్తాయి. పియానిస్టు గ్లెన్ గూల్డ్ వాయించిన బాఖ్ విన్నప్పుడు వెనకాల ఎవరో కూనిరాగం తీస్తున్నట్టుంటే కంగారు పడకు, అది ఆయనే. కాలితో నొక్కే పెడల్ గురించి ఇప్పుడు టెన్షన్ పెట్టుకోకు, చెవి కుదురుకున్నాక దాని మాట మాట్లాడుకుందాం.

ఆఫీసు నుంచి వచ్చాక పది నిమిషాలు చాలు. ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. షూబర్ట్ మొదటి రాగం నాకు పాడి వినిపించి, ఎక్కడ ఊపిరి తీసుకున్నావో చెప్పు. నేనూ లూపూది పెట్టుకుని కూర్చుంటాను, ఆయన అక్కడ ఏం చేశాడో ఇద్దరం కలిసి చూద్దాం.

మావయ్య