‘నీ ఇష్టం’ అన్నారంటే ఒప్పుకున్నారని కాదు

విశాఖపట్నం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. అపార్టుమెంటు మెట్ల కింద ఏడాదిగా అన్నం పెడుతున్న ఎర్రపిల్లిని, వర్షాలు మొదలయ్యాక మూడో అంతస్తులోని తమ ఇంట్లోకి తెచ్చుకున్నారు. రెండు నెలలైంది. అర్ధరాత్రి దాటాక అది వీధి తలుపు దగ్గర కూర్చుని ఒకటే అరుపు. అత్తగారికి ఇంట్లో పిల్లి తిరగడం గిట్టదు. ‘తిరగడానికి అలవాటుపడ్డ ప్రాణిని బంధించడం పాపమా? వదిలేయమంటారా?’ అని అడిగారు.

పాపం కాదమ్మా. ఆటోల కిందా కుక్కల నోటా పడే బతుకును స్వేచ్ఛ అనడానికి నాకు మనసొప్పదు. ఏడాదిపాటు మీ చేతి అన్నం తిని, మీ అడుగుల చప్పుడు గుర్తుపట్టే ప్రాణిని అత్తగారు గొణిగారని మళ్ళీ మెట్ల కిందికి దింపడమే తప్పు. ఆ ప్రశ్న అంతటితో వదిలేద్దాం.

మీ ఉత్తరంలో మూడు పేజీలు అత్తగారి గురించే. నేను మాత్రం నాలుగో పేజీలో మీరు మాటవరసకు రాసిన ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘అరుపు భరించలేక మావారు లేచి తలుపు తీసేస్తారు, తెల్లవారాక నేను సందులన్నీ వెతికి తెచ్చుకుంటాను.’ పిల్లిని తెచ్చేముందు అడిగితే ఆయన ‘నీ ఇష్టం’ అన్నారు. మీరు బీఎడ్ చేస్తానన్నప్పుడూ అదే మాట అన్నారు, ఫీజు కట్టే గడువు మాత్రం దాటిపోయింది.

అత్తగారి ఊసు వదిలేయండి. పూజగదిలోకి రాకూడదు, పాలగిన్నె ముట్టకూడదు అని ఆవిడ నోరు విప్పి చెప్పారు. పూజగది తలుపు మూసి, గిన్నె మీద మూత పెడితే ఆ తగువు తీరిపోతుంది. తనకేం కావాలో పైకి చెప్పే మనిషితో ఎన్నేళ్ళయినా నెట్టుకురావచ్చు. మీవారు మీ ఎదుట కాదనరు, మీరు నిద్రపోయాక గడియ తీస్తారు. ‘నీ ఇష్టం’ అనే మాటలో ఔనూ లేదు, కాదూ లేదు. పని కలిసొస్తే ఆయనా ఒప్పుకున్నట్టే, బెడిసికొడితే మీరొక్కరే చేసుకున్నట్టు. భార్య ముఖాన ‘వద్దు’ అని చెప్పడం కూడా ఆమెను గౌరవించడమేనని నేను గట్టిగా నమ్ముతాను.

పది రాత్రులు అరిస్తే ఒక్క రాత్రి తలుపు తెరుచుకున్నా చాలు, అరిస్తే పని జరుగుతుందని పిల్లి నేర్చుకుంటుంది. మరునాడు ఇంకా ఎక్కువసేపు అరుస్తుంది. ఇంట్లో వాళ్ళంతా ఒక్కమాట మీద లేనంతకాలం అది ఇంటిపట్టున ఉండదు.

ముందు పశువైద్యుడికి చూపించండి. ఆడపిల్లి అన్నారు కానీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారో లేదో రాయలేదు. ఎదకు వచ్చిన పిల్లి కూడా రాత్రంతా ఇలాగే అరుస్తుంది, అదే కారణమైతే ఆపరేషన్‌తో తగ్గుతుంది. రేబిస్ టీకా, నులిపురుగుల మందు సంగతీ అప్పుడే మాట్లాడండి. ఇల్లంతా ఒక్కసారే అప్పగించకుండా కొన్నాళ్ళు ఒక గదిలో ఉంచండి. అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి, అందులో మీ పాత నేత చీర పరవండి. అది లోపల నక్కితే చెయ్యి పెట్టి లాగకండి, దానంతట అదే రావాలి. ఒక తొట్టిలో ఇసుక పోసి, అది ఎరిగిన వాసన కనుక మెట్ల పక్క మట్టి గుప్పెడు కలపండి. ఆ తొట్టి తిండిగిన్నెకు దూరంగా ఉండాలి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర వాటికి విషం. ఉప్పు లేకుండా ఉడికించిన చేప, ముళ్ళు తీసి పెట్టండి. సందెవేళా తెల్లవారుజామునా పిల్లులు హుషారుగా ఉంటాయి. మీరు పడుకోబోయే ముందు తాడుకు కట్టిన గుడ్డముక్కతో పావుగంట పరిగెత్తించి, ఆ తర్వాత తిండి పెడితే రాత్రి కాస్త కునుకు తీస్తుంది. గీరినా కరిచినా 15 నిమిషాలు సబ్బునీళ్ళతో కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఈ ఆదివారం అత్తగారు గుడికి వెళ్ళినప్పుడు ఆయన్ను కూర్చోబెట్టి, ‘పిల్లి ఇంట్లో ఉండడం మీకు సమ్మతమేనా, కాదా?’ అని అడగండి. ఏడవకండి, వాళ్ళమ్మగారి పేరు ఎత్తకండి. నిద్ర చెడుతోందంటే అది న్యాయమైన మాటే, పిల్లిని మీ పడకగదికి దూరంగా ఉన్న గదిలోకి మార్చండి. మళ్ళీ ‘నీ ఇష్టం’ అంటే, ‘రాత్రి తలుపు తీయకూడదన్నది నా ఇష్టం, తీస్తే పొద్దున్నే సందుల్లో వెతకాల్సింది మీరు’ అని చెప్పండి. బీఎడ్ సంగతీ ఆ కూర్చున్నప్పుడే తేల్చుకోండి. మూడో అంతస్తు బాల్కనీకి వల బిగించే మనిషిని పిలుస్తానని ఆయన రెండు నెలలుగా అంటున్నారట. పిచ్చుక కనబడితే పిల్లి ఎత్తు చూసుకోదు. ఆ ఫోను మాత్రం రేపే మీరు చేయండి.