పూరిరి చెట్టు కన్నాలకు మందు కొట్టాలా? – సమాధానం

ఆక్లాండ్‌లో మీ పెరట్లో ఉన్న పూరిరి అనే న్యూజిలాండ్ చెట్టుకు కన్నాలు పడ్డాయనీ, రాత్రి వరండా లైటు దగ్గర అరచేయంత పచ్చ పురుగు వాలిందనీ, మందు కొట్టాలా అనీ అడిగారు కదండీ. వద్దండి. రెండూ ఒకే జీవి పనే. దాని పేరు పూరిరి మాత్ (మాత్ అంటే సీతాకోకచిలుక లాంటి, రాత్రిపూట ఎగిరే పురుగు), అక్కడి ఆదివాసుల భాష మావోరీలో పెపెటూనా. కన్నాలు తొలిచేది దాని గొంగళి. న్యూజిలాండ్‌లో తప్ప ఇంకెక్కడా లేదు, అక్కడా ఉత్తర ద్వీపంలోనే. ఆడది రెక్కలు చాపితే 15 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, చూసి కంగారు పడటం సహజమే!

టార్చి వేసి కన్నం దగ్గర చూడండి. పట్టుదారం, చెక్కపొట్టు కలిపి బెరడు రంగులోనే అల్లిన మూత కనబడితే లోపల గొంగళి ఉన్నట్టే. గోటితో పీకకండి. కన్నం చుట్టూ గాయం మాన్పుకోవడానికి చెట్టు కొత్త కణజాలం పోస్తుంటుంది. రాత్రిళ్లు మూత కింద గొంగళి తినేది దాన్నే. పగలు 7 అంకె ఆకారంలో తొలిచిన సొరంగంలో ఉంటుంది. ముదురు చెట్టుకు మామూలుగా ఏమీ కాదు. సన్నటి కాండమైతే గాలికి విరక్కుండా ఓ కర్ర ఊతం కట్టండి. మూత లేని కన్నమైతే ఖాళీ ఇల్లన్నమాట, తర్వాత వేటా అనే మిడత లాంటి పురుగులు అద్దెకు దిగుతుంటాయి.

గొంగళిగా ఐదేళ్ల దాకా బతికేది, రెక్కలొచ్చాక రెండు రోజులే. తినడానికి నోరు కూడా ఉండదు. ఆ కాస్త టైములోనే జోడు వెతుక్కోవాలి, ఆడదైతే 2,000 దాకా గుడ్లు నేల మీద చల్లాలి. లైటు దగ్గర వాలి ఆ టైము పోగొట్టుకోకుండా, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా రాత్రిపూట వరండా లైటు ఆపేయండి, చాలు.