కొత్త ఆల్బమ్ కోసం ఎదురుచూసేవారు పాత పాటల జాబితా పట్టుకుని కచేరీకి వెళ్లకూడదు

వయసు డెబ్బై దాటిన మీ అభిమాన గిటారిస్టు చాలా ఏళ్ల తర్వాత సోలో ఆల్బమ్‌నూ, దానితోపాటే టూర్‌నూ ప్రకటించాడనీ, బ్యాండ్ రోజుల నాటి పాటలు తక్కువగానే ఉంటాయని వినిపిస్తోందనీ, అలాంటప్పుడు అంత డబ్బు పోసి వేరే ఊరికి వెళ్లడం సబబేనా అనీ అడిగారు. ఆల్బమ్ వచ్చేలోపు ఎలా సిద్ధం కావాలన్నది మీ రెండో ప్రశ్న. వెళ్లడం సబబే అన్నది నా సమాధానం, అయితే ఆ మనిషి ఈనాడు చేస్తున్న సంగీతాన్ని వినడానికి వెళ్లాలి. పాత పాటలు దొరికితే సంతోషించవచ్చు గానీ వాటి కోసమే టికెట్ కొనకూడదు. 2024లో డేవిడ్ గిల్మర్ కొత్త ఆల్బమ్ ప్రకటించినప్పుడు, ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్న నేను అచ్చంగా మీలాగే ఎదురుచూశాను కనుక ఆ అనుభవాన్నే ఆధారంగా చేసుకుని చెబుతాను.

గిల్మర్ 1946లో కేంబ్రిడ్జ్‌లో పుట్టారు. 1967 చివరలో పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటిష్ రాక్ బృందంలో చేరి, ఆ బృందం పేరు వినగానే మనకు గుర్తొచ్చే గిటార్ ధ్వనిని తయారు చేశారు. సొంత పేరు మీద ఆల్బమ్‌లు వెలువరించడంలో మాత్రం ఆయనకు ఏనాడూ తొందర లేదు. మొదటిది 1978లో, రెండోది 1984లో వచ్చాయి. మూడోదాని కోసం అభిమానులు 2006 దాకా, అంటే ఇరవై రెండేళ్లు ఆగవలసి వచ్చింది. నాలుగోది 2015లో వచ్చింది. ఆ తర్వాత 2019 జూన్‌లో న్యూయార్క్‌లోని క్రిస్టీస్ వేలంలో తన గిటార్లను నూటికి పైగా అమ్మేశారు. దశాబ్దాల పాటు ఆయన చేతిలో ఉన్న నల్ల స్ట్రాటోకాస్టర్ గిటార్ ఒక్కటే 39.75 లక్షల డాలర్లు పలికింది. మొత్తం రాబడి రెండు కోట్ల డాలర్లు దాటగా, దాన్ని వాతావరణ మార్పుపై న్యాయపోరాటం చేసే క్లయింట్ ఎర్త్ సంస్థకు ఇచ్చేశారు. ఆ దాతృత్వానికి గర్వపడుతూనే, వాద్యాలను వదులుకున్న మనిషి ఇక సంగీతాన్నీ వదులుకున్నట్టేనేమోనని మాలో చాలామందిమి లోలోపల దిగులుపడ్డాం.

అందుకే 2024 ఏప్రిల్‌లో ‘లక్ అండ్ స్ట్రేంజ్’ అనే ఐదో సోలో ఆల్బమ్ సెప్టెంబరు 6న వస్తుందన్న ప్రకటన వెలువడినప్పుడు మాకు కలిగిన ఆనందం చెప్పనలవి కానిది. అప్పటికి ఆయన వయసు 78. ప్రకటన వెంటే ‘ద పైపర్స్ కాల్’ అనే మొదటి పాట కూడా విడుదలైంది. ఇక్కడ మీకు నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటుంది. మొదటి పాటను ఒకసారి విని తీర్పు చెప్పేయకండి. కంఠంలో పూర్వపు బిగువు తగ్గిందని మొదటి రోజే విచారించినవారు నాకు తెలుసు. నిజానికి ఆ కంఠంలో చేరిన గరుకుదనమే ఆ ఆల్బమ్‌లోని మాటలకు సరిగ్గా సరిపోయింది. ఎందుకంటే ఆ పాటల్లో చాలావాటికి సాహిత్యం రాసిన ఆయన భార్య, రచయిత్రి పాలీ శామ్సన్, వయసు పైబడుతున్న మనిషి మృత్యువు వైపు చూసే చూపునే ప్రధాన విషయంగా తీసుకున్నారు. ముప్పై ఏళ్ల గొంతుతో ఆ మాటలు పాడితే నమ్మబుద్ధి కాదు.

ఎదురుచూసే కాలంలో చేయదగిన మంచి పని, ఆల్బమ్ ఎవరితో కలిసి, ఎలా తయారైందో శ్రద్ధగా తెలుసుకోవడం. కవర్ బొమ్మ మీదా, టికెట్ ధర మీదా వాదించుకోవడం కంటే ఇందులో ఎక్కువ ఫలితం ఉంటుందని నా నమ్మకం. గిల్మర్ ఈసారి తన పాత సహచరులలో ఎవరినీ నిర్మాతగా తీసుకోకుండా, ఆల్ట్-జె బృందంతో పనిచేసిన చార్లీ ఆండ్రూ అనే యువ నిర్మాతను పిలిచారు. అతనికి పింక్ ఫ్లాయిడ్ గతం గురించి పెద్దగా తెలియదట, ఆ గతం పట్ల భయభక్తులూ లేవట. ఇక్కడ గిటార్ సోలో ఎందుకుండాలి, పాటలన్నీ సన్నగిల్లుతూనే ముగియాలా, కొన్ని ఠక్కున ఆగిపోకూడదా అని అతడు నిలదీసేవాడని గిల్మర్ స్వయంగా సంతోషంగా చెప్పుకున్నారు. ఎనభైకి చేరువవుతున్న విద్వాంసుడు తన ప్రతి అలవాటునూ ప్రశ్నించే మనిషిని కోరి పక్కన కూర్చోబెట్టుకున్నాడంటే, ఆ ఆల్బమ్ పాత కీర్తిని నెమరువేసుకోవడానికి చేసింది కాదని నాకు అప్పుడే అర్థమైంది. పింక్ ఫ్లాయిడ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్ వచ్చిన 1973 తర్వాత తాను చేసిన వాటిలో ఇదే ఉత్తమమైనదని ఆయన అన్నప్పుడు చాలామంది దాన్ని ప్రచారంగా కొట్టిపారేశారు. నేను మాత్రం ఆ మాటను నమ్మే ఆల్బమ్ కోసం ఎదురుచూశాను.

ఆల్బమ్‌కు పేరు ఇచ్చిన పాట సంగతి మరీ ప్రత్యేకమైనది. 2007లో గిల్మర్ ఇంటి ఆవరణలోని కొట్టంలో కొందరు వాద్యకారులు కలిసి సరదాగా వాయించుకుంటుండగా చేసిన రికార్డింగు దానికి పునాది. అందులో కీబోర్డు వాయించినవారు పింక్ ఫ్లాయిడ్ తొలినాటి సభ్యుడు రిచర్డ్ రైట్. మరుసటి ఏడాది, 2008 సెప్టెంబరులో, ఆయన కన్నుమూశారు. అంటే ఈ పాటలో ఇప్పుడు లేని మిత్రుడు 2007లో వాయించిన స్వరాలు, వాటి చుట్టూ 2024 నాటి పాట ఉన్నాయన్నమాట. దాదాపు 14 నిమిషాల ఆ అసలు రికార్డింగును కూడా ఆల్బమ్ చివర అదనంగా చేర్చారు. దాన్ని ముందుగా విని, తర్వాత పాట వినండి. రైట్ వాయించినది ఎక్కడ అలాగే నిలిచిందో, గిల్మర్ దాని మీద ఏమి కట్టారో విడివిడిగా తెలుస్తుంది. ఆ రెండింటినీ వెంట వెంటనే విన్న సాయంత్రాలు నాకు ఆ ఏడాది దక్కిన గొప్ప సంపద.

రెండో సింగిల్‌గా వచ్చిన ‘బిట్వీన్ టూ పాయింట్స్’ నిజానికి మాంట్‌గోల్ఫియర్ బ్రదర్స్ అనే బృందం పాట. దాన్ని గిల్మర్ కుమార్తె రోమనీ పాడి, హార్ప్ కూడా వాయించింది. తండ్రి పేరుతో వచ్చే ఆల్బమ్‌లో కూతురు ప్రధాన గాయని ఏమిటని కొందరు అభిమానులు చిన్నబుచ్చుకున్నారు. ఆ పాట చివర ఆయన గిటార్ అందుకునే తీరు వింటే ఆ ఫిర్యాదు నిలబడదు. కూతురు ఎంతో అణకువగా పాడి ఆపిన చోట తండ్రి వాద్యం మొదలవుతుంది. వీణ వింటూ పెరిగినవాడిని కనుక నాకు గిల్మర్ వాయించే తీరు ఎప్పుడూ పరాయిదిగా అనిపించలేదు. వైణికుడు మెట్టు మీద తీగను పక్కకు లాగి పై స్వరాన్ని అందుకున్నట్టే ఆయన కూడా తీగను లాగి, చేరవలసిన స్వరస్థానానికి వెంట్రుకవాసి తేడా లేకుండా చేరి, అక్కడ నిలిచి ఊపిరి తీసుకుంటారు. వేగంగా వాయించేవారు లోకంలో ఎందరో ఉన్నారు. ఒక్క స్వరాన్ని అంత సేపు, అంత నిండుగా నిలపగలిగినవారు అరుదు. వయసు మీద పడినా ఈ విద్య తరగదని నేను ఆ ఆల్బమ్ విన్నాకే నమ్మాను.

ఇక టూర్ విషయం. ఈ వయసు వాద్యకారులలో కొందరు దేశదేశాలు తిరగరు, కొన్ని నగరాలలోనే మకాం వేసి వరుసగా వాయిస్తారు. గిల్మర్ బ్రైటన్‌లో సన్నాహకంగా రెండు కచేరీలు చేసి, ఆపై రోమ్‌లో, లండన్‌లో, లాస్ ఏంజెలెస్‌లో, న్యూయార్క్‌లో మాత్రమే వాయించారు. ఆసియాలో ఒక్క తేదీ కూడా లేదు. కాబట్టి మీ ఊరికి వస్తాడని ఆగకండి, వెళ్లగలిగిన నగరాన్ని ముందే నిర్ణయించుకోండి. మొదటి విడత టికెట్లు దొరకకపోయినా నిరాశపడనక్కరలేదు, గిరాకీని బట్టి తేదీలు పెంచడం మామూలే, గిల్మర్ టూర్‌లోనూ అదే జరిగింది. తిరిగి అమ్మేవారి దగ్గర మూడింతల ధర పెట్టడం మాత్రం నాకు సమ్మతం కాదు. వేదిక ఏదో కూడా చూసుకోండి. రోమ్‌లోని సర్కస్ మాగ్జిమస్ ప్రాచీన కాలంలో రథాల పందేలు జరిగిన విశాలమైన ఆరుబయలు. లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్ 1871లో తెరిచిన గుండ్రని మందిరం, అందులో ఐదు వేల పైచిలుకు మంది మాత్రమే పడతారు. నాకు దగ్గరగా ఉన్నది లండనే అయినా, ఎంచుకునే అవకాశం ఉన్నా నేను దాన్నే ఎంచుకునేవాడిని. అక్కడ పై అంతస్తు చివరి వరుసలో కూర్చున్నా వేళ్ల కదలిక కనిపిస్తుంది, మెల్లగా మీటిన స్వరం కూడా వినిపిస్తుంది.

పాత పాటల గురించి మీరు పడుతున్న బెంగ మాకూ ఉండేది. 1970ల నాటి పింక్ ఫ్లాయిడ్ పాటలు వాయించడానికి తనకు అంతగా మనసు రావడం లేదని గిల్మర్ టూర్‌కు ముందే పత్రికలకు చెప్పడంతో అభిమానుల మధ్య పెద్ద చర్చే నడిచింది. తీరా చూస్తే ‘టైమ్’, ‘విష్ యూ వర్ హియర్’ వాయించారు, చివర ‘కంఫర్టబ్లీ నంబ్’ కూడా ఉంది. కానీ 2016లో వాయించిన ‘మనీ’, ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’ ఈసారి లేవు. ఆ రెండూ లేవని హాలు నుంచి విచారంగా బయటికి వచ్చినవారు ఉంటే, వారు అక్కడ జరిగిన అసలు సంగతిని పోగొట్టుకున్నారనే అంటాను. ఎందుకంటే పాత పాటల్లో కూడా ఆ రాత్రి నన్ను కదిలించింది మార్చి పాడిన పాటే. ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’ రికార్డులో ఒకే గాయని ఆకాశాన్ని తాకేలా ఎలుగెత్తే ఆలాపన. దాన్ని ఇప్పుడు నలుగురు స్త్రీలు పియానో చుట్టూ చేరి, గొంతులు కలిపి, దాదాపు ప్రార్థనలాగా పాడారు. అసలును నకలు చేయడానికి ఎవరూ ప్రయత్నించలేదు. ఆ ధైర్యానికి నేను మనసారా నమస్కరించాను. రైట్‌ను తలచుకుంటూ 2015లో చేసిన ‘ఎ బోట్ లైస్ వెయిటింగ్’ కూడా ఆ రాత్రి పాటల్లో ఉంది. కొత్త ఆల్బమ్‌లో అతని వాయిద్యాన్ని విని వచ్చినవారికి దాని బరువు ఇంకా ఎక్కువగా తెలిసింది.

అన్నిటికన్నా ‘స్కాటర్డ్’ గురించి చెప్పాలి. ఆల్బమ్‌లో అసలు పాటల వరుస దీనితోనే ముగుస్తుంది. కచేరీలోనూ, చివర మళ్లీ వేదిక మీదికి రావడానికి ముందు వాయించిన ఆఖరి పాట ఇదే. యాభై ఏళ్ల కీర్తి ఉన్న పాటలు చేతిలో ఉండగా, ప్రధాన కచేరీని నెల రోజుల కిందట విడుదలైన పాటతో ముగించడానికి ఎంత నమ్మకం కావాలో ఆలోచించండి. అందులో ముందు ఎలక్ట్రిక్ కాని గిటార్ మీద పొదుపుగా నడిచే వాద్యం, ఆ తర్వాత ఎలక్ట్రిక్ గిటార్ మీద నెమ్మదిగా పైకెక్కే దీర్ఘమైన సోలో ఉంటాయి. పాట తెలిసినవారికి ఆ రెండో సోలో ఎప్పుడు మొదలవుతుందో తెలుసు కనుక, నా చుట్టూ ఉన్నవారు ముందుకు వంగి కూర్చున్నారు. పాట తెలియని ఒకరిద్దరు అదే సమయంలో లేచి బయటికి వెళ్లారు. ఆల్బమ్‌ను ముందుగా బాగా వినమని నేను పదే పదే చెప్పడానికి కారణం ఇదే. విడుదలకూ మీరు వెళ్లే కచేరీకీ మధ్య కనీసం మూడు నాలుగు వారాలైనా ఉండేలా తేదీ ఎంచుకుని, ఆ వ్యవధిలో ఆల్బమ్‌ను వరుస చెడకుండా, మధ్యలో ఆపకుండా వినండి.

ప్రయాణం వీలుకాకపోతే, ఇలాంటి టూర్లు ఈ రోజుల్లో చిత్రంగానో, కచేరీ రికార్డుగానో తర్వాత వస్తూనే ఉన్నాయి. గిల్మర్ రోమ్ కచేరీలు 2025 సెప్టెంబరులో సినిమా థియేటర్లలో ప్రదర్శితమయ్యాయి, మరుసటి నెలలో ఆ టూర్ పాటలు ఆల్బమ్‌గా విడుదలయ్యాయి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారికి ఇది చిన్న వరమేమీ కాదు. మీ గిటారిస్టు విషయంలో వెళ్లగలిగే దూరంలో తేదీ ఉండి, ఇంటి ఖర్చులకు ఇబ్బంది లేకుండా టికెట్ కొనగలిగితే మాత్రం వాయిదా వేయకండి. గిల్మర్ మూడో ఆల్బమ్‌కూ నాలుగో ఆల్బమ్‌కూ మధ్య తొమ్మిదేళ్లు, నాలుగుకూ ఐదుకూ మధ్య మరో తొమ్మిదేళ్లు పట్టింది. డెబ్బై దాటిన విద్వాంసుడి విషయంలో తర్వాతి టూర్ చూద్దాంలే అని అనుకునే వీలు మనకు లేదు.