తిరుపతిలో కొండ పక్కన ఇల్లు తీసుకుంటే గాలి బాగుంటుందా?

చెన్నై నుంచి తిరుపతికి మారుతున్నామన్నారు, అమ్మకి ఆస్తమా, అలిపిరి వైపు కొండకి దగ్గర్లో ఇల్లు చూస్తే గాలి బాగుంటుందా, లేకపోతే చిత్తూరు నయమా అని అడిగారు. నేను పుట్టి పెరిగిందంతా తిరుపతిలోనే, మా మిద్దె మీద సోలార్ ప్యానెల్స్ ఉన్నాయి, తుడిచేది నేనే, ఏ కాలంలో గాలిలో ఏముంటుందో గుడ్డ చూస్తే తెలిసిపోతుంది. నన్నడిగితే ఇక్కడ ఏ ఏరియా అనేదానికంటే ఏ నెల, రోజులో ఏ టైము అనేదే ముఖ్యం.

కొండ ఉంది కాబట్టి గాలి శుభ్రం అని చాలామంది అనుకుంటారు. అడవి వల్ల లాభం లేదనను, కానీ ఊరు దాదాపు 150 మీటర్ల ఎత్తులో ఉంటే తిరుమల 800 మీటర్లకి పైనే, ఉత్తరం వైపంతా కొండే అడ్డం. డిసెంబర్, జనవరిలో రాత్రి మబ్బు లేకపోతే నేల తొందరగా చల్లబడుతుంది, వాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి మెల్లగా కిందకి జారి ఊరి మీద, అట్లే స్వర్ణముఖి ఏటి వైపు పల్లంలో పరుచుకుంటుంది, దాని పైన కొంచెం వెచ్చటి గాలి కుండకి మూత పెట్టినట్టు నిలబడిపోతుంది. ఇంక కింద ఏ పొగ లేచినా పైకి పోయే దారి ఉండదు. తెల్లారుజామున టిఫిన్ బండ్ల పొయ్యిలు, కొండకి పోయే బస్సులు జీపులు, ఊడ్చిన ఆకులూ చెత్తా రోడ్డు పక్కనే తగలబెట్టేది, చలిమంటలు, అన్నీ ఆ మూత కిందే. భోగి రోజు సంగతి సరేసరి, టైర్లు కూడా వేసే మహానుభావులు ఉన్నారు. అప్పుడు ఘాట్ రోడ్డులో దిగుతా కిందకి చూడండి, మనకి పైన ఆకాశం నీలంగా ఉంటుంది, ఊరి మీద మాత్రం బూడిద రంగు పొర కనిపిస్తుంది. వాకింగ్‌కి జనం ఎగబడేది కూడా సరిగ్గా ఆ టైముకే! ఎండ బాగా తగిలి నేల వేడెక్కితే తొమ్మిది, పదికల్లా అది చెదిరిపోతుంది, అమ్మని అప్పుడు నడవమనండి. ఆ నెలల్లో ప్యానెల్స్ మీద పడేది నల్లగా జిడ్డుగా ఉంటుంది, ఒట్టి నీళ్లకి పోదు.

ఎండాకాలం కథ వేరే. నేల కాగి గాలి చాలా ఎత్తుకి లేస్తుంది కాబట్టి పొగ నిలవదు, కానీ ఎర్రమట్టి, ఎండిపోయిన చెరువులు, ఏట్లో ఇసుక, రేణిగుంట రోడ్డులో లారీలు, దుమ్మే దుమ్ము. గుడ్డకి ఎర్రగా పౌడర్ లాగ వచ్చేస్తుంది. ఇది ఎక్కువగా పీఎం 10 (గాలిలో తేలే సన్నటి కణాలు), చలికాలం పొగ పీఎం 2.5 (అంతకంటే ఇంకా సన్నటివి), ఊపిరితిత్తుల్లో లోతుకి పోయేది రెండోదే. మన దేశంలో 24 గంటల సగటుకి పెట్టిన పరిమితి ఘనపు మీటరుకి మొదటిది 100 మైక్రోగ్రాములు, రెండోది 60. పైగా మధ్యాహ్నం మండే ఎండకి బండ్ల పొగ నుంచి ఓజోన్ తయారవుతుంది, కంటికి కనపడదు కానీ ఆస్తమా వాళ్లకి అస్సలు పడదు. అడవికి నిప్పంటుకునేది కూడా ఈ కాలంలోనే, 2014 మార్చిలో శేషాచలంలో (తిరుమల ఉండే కొండల అడవిలో) మంటలు ఆర్పడానికి ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లే రావాల్సొచ్చింది.

ఆషాఢంలో పడమటి గాలి గట్టిగా కొడుతుంది, కళ్లల్లో దుమ్ము పడినా పొగ మాత్రం నిలవదు. అసలు హాయి అక్టోబర్, నవంబర్ వానలు పడినాకే. వాన వెలిసిన రాత్రి కొండ మెట్ల దారిలో ఉండే గాలిగోపురం లైట్లు ఊళ్లోంచి చూస్తే కడిగినట్టు కనిపిస్తాయి, మాకు యాప్ కంటే అదే మీటరు. కాకపోతే ఆ నెలల్లో గోడలకి చెమ్మ, బూజు, అమ్మకి అదీ ఇబ్బందే కాబట్టి పాత ఇళ్లల్లో గ్రౌండ్ ఫ్లోర్ వద్దనే చెప్తా. (2021 నవంబర్‌లో వరదలొచ్చినప్పుడు ఈ ఊళ్లో వీధులు ఎట్ల మునిగాయో చూసినోళ్లకి వేరే చెప్పక్కర్లేదు.)

చిత్తూరు ఇంకా ఎత్తులో ఉంటుంది, ఎండ కాస్త తక్కువే, కానీ గాలి బాగలేని ఊళ్ల కోసం కేంద్రం 2019లో పెట్టిన క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్ జాబితాలో ఆ ఊరి పేరు కూడా ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో బెల్లం వండేటప్పుడు చెరకు పిప్పి పొగ, గ్రానైట్ దుమ్ము ఉంటాయి. గాలి కోసమే అయితే అక్కడికి పోనక్కర్లేదు.

యాప్ చూస్తే ఆ రీడింగ్ ఏ స్టేషన్‌దో చూసుకోండి, కొండ మీద గాలి, కింద గాలి ఒకటి కాదు. ఏక్యూఐకి (గాలి ఎంత బాగుందో చెప్పే అంకెకి) లెక్కేసేది 24 గంటల సగటు కాబట్టి రోజంతా బాగున్నట్టు చూపించినా తెల్లారుజామున ముక్కు మూసుకునేట్టు ఉండొచ్చు. ఇంటికి అడ్వాన్స్ ఇచ్చే ముందు పొద్దున ఆరింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి పోయి చూడండి. పక్కన హోటల్ పొయ్యి ఉందా, బస్సులు ఇంజన్ ఆపకుండా నిలబడే చోటా, చెత్త కాల్చే ఖాళీ స్థలం ఉందా అని వీధిలోవాళ్లనే అడగండి, ఓనర్ చెప్పడు. ఇన్‌హేలర్ సంగతి మాత్రం చలికాలం మొదలయ్యేలోపే డాక్టర్ని అడిగి పెట్టుకోండి.