పొగ కనబడకపోతే కాలుష్యం లేనట్టేనా?

కడప జిల్లా ముద్దనూరు వైపు వెళ్తుంటే థర్మల్ ప్లాంటు చిమ్నీల్లో పొగ పెద్దగా కనబడలేదు, మరి బొగ్గు కరెంటు మీద ఇంత గొడవెందుకు అని ఒకరు అడిగారు. నాకూ ఒకప్పుడు ఇదే అనుమానం. అది తీరింది మా జిరాక్సు షాపు జనరేటర్ దగ్గర.

2012లో అనంతపురంలో కరెంటు కోతలు ఎలా ఉండేవో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఇన్వర్టర్ చాలక పాత డీజిల్ జనరేటర్ కొన్నాను. కింద షాపు, పైన ఇల్లు. రోజుకు ఐదారు గంటలు ఆడేది. నెల తిరక్కుండానే మేడ మీద ఆరేసిన నాన్న తెల్ల పంచెల నిండా నల్లటి చుక్కలు. దులిపితే పోవు, వేలితో రుద్దితే గీతలా సాగేవి. అమ్మకు ముందే ఆయాసం. రాత్రిళ్లు గోడకానుకుని కూర్చునే నిద్రపోయేది. ఒకరోజు కిటికీ ఊచలు తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఏమీ అనలేదు.

మెకానిక్ వచ్చి ఇంజెక్టర్ శుభ్రం చేసి, ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. నల్ల పొగ పోయింది, అమ్మకు కాస్త ఊపిరాడింది. అది చిన్న విషయం కాదు. కానీ డీజిల్ మాత్రం దాదాపు మునుపటిలాగే గంటకు లీటరున్నర తాగేది. లీటరు డీజిల్ కాలితే భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్ సుమారు 2.7 కిలోలు వస్తుంది. లీటరు డీజిల్ కిలో కూడా తూగదు, మరి అంత బరువెక్కడిది? అందులోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది. 12 గ్రాముల కార్బన్ 44 గ్రాముల గ్యాస్ అవుతుంది. అంటే మా షాపు ఒక్కటే రోజుకు 20 కిలోలకు పైగా వదిలేది. దానికి రంగు లేదు, వాసన లేదు, పంచెకు అంటదు.

థర్మల్ ప్లాంటులోనూ ఇంతే. మన దేశపు బొగ్గులో మూడో వంతు దాకా, ఒక్కోసారి అంతకు మించి బూడిదే. చిమ్నీకి ముందే ఈఎస్‌పీ అనే యంత్రం ఆ బూడిదకు విద్యుదావేశం ఎక్కించి పలకలకు పట్టేస్తుంది. అందుకే వాళ్లకు పొగ పెద్దగా కనబడలేదు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం ఆ పలకలకు చిక్కదు. బొగ్గుతో తీసిన ఒక్క యూనిట్‌కు అది దాదాపు కిలో. సల్ఫర్ డయాక్సైడ్ కూడా ఈఎస్‌పీని దాటిపోయి, గాలిలో సన్నని కణాలుగా మారి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. కర్నూలు, అనంతపురం, కడప మూడూ 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఉన్నాయి. అది తగ్గించాలని చూసేది దుమ్ము, ధూళి కణాలను. వాటికి వడపోత ఉంది, నీళ్లు చల్లడం ఉంది. కార్బన్ డయాక్సైడ్‌కు మాత్రం మనబోటివాళ్లు చేయగలిగింది తక్కువ కాల్చడమే.

ఇప్పుడు మా మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్ ఉంది, కేంద్రం సబ్సిడీ 78,000 వచ్చింది. రాత్రి గ్రిడ్ కరెంటులో బొగ్గుదే పెద్ద వాటా, అందుకని పెద్ద ప్రింటింగ్ పనులన్నీ పగలే పెట్టుకుంటున్నాను. జనరేటర్‌ను ఇద్దరు ముగ్గురు బేరమాడారు. అమ్మితే ఇంకో మేడ కింద కాలుతుందని పాత ఇనుముకు వేసేశాను.